ఒకే ఈత పిల్లలు: పుట్టుక బరువులో తేడా, బతుకులో తేడా

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఒకే తల్లి కడుపున, ఒకే ఈతలో, కొద్ది గంటల వ్యవధిలో పుట్టిన పంది పిల్లల్లో ఒకటి 1.8 కిలోలు తూగుతుంది, దాని పక్కనే ఇంకొకటి 800 గ్రాములకు మించదు. మొదటిదాని విషయంలో రైతు నిశ్చింతగా ఉండవచ్చు. రెండోది బతకడమే అనుమానం. బతికినా అమ్మకపు బరువుకు చేరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. పందుల ఫారంలో పనిచేసిన ప్రతివారికీ తెలిసిన సంగతే ఇది. అయినా మన రికార్డు పుస్తకాల్లో దీనికి చోటు లేదు. ఈతకు ఎన్ని పిల్లలు పుట్టాయో రాస్తాం, వీలైతే సగటు బరువు రాస్తాం, ఈత లోపల పిల్లకూ పిల్లకూ ఎంత తేడా ఉందో రాయం. నా వాదన ఇది: ఈ మూడో కొలత లేకపోతే మొదటి రెండూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. పుట్టిన సంఖ్యనే గొప్పగా చూసుకుంటూ జాతిని మెరుగుపరిస్తే పిల్లలు ఎక్కువ పుడతాయి, చచ్చేవీ ఎక్కువవుతాయి.

తేడా మొదలయ్యేది ఈనే గదిలో కాదు, గర్భసంచిలో. పంది గర్భసంచికి రెండు పొడవాటి కొమ్ములుంటాయి. పిండాలు వాటిలో వరసగా సర్దుకుంటాయి. ఇప్పటి మెరుగైన జాతుల్లో ఒక ఎదలో 20 నుంచి 30 అండాలు విడుదలవుతాయి. వాటిలో చాలావరకు ఫలదీకరణం చెందుతాయి. చూడి కట్టిన నెల రోజులయ్యేసరికి పిండాల మధ్య చోటు ఇరుకవుతుంది. ప్రతి పిండానికీ తన మాయ ఎంత మేర గర్భసంచి గోడను అంటిపెట్టుకుందో అంత మేరకే తల్లి రక్తం నుంచి పోషకాలు అందుతాయి. తొలి వారాల్లో చోటు తక్కువ దొరికినదానికి మాయ చిన్నదవుతుంది, మాయ చిన్నదైనదానికి మిగిలిన చూడికాలమంతా తిండి తక్కువే. పక్కనున్న పిండం ఆ తర్వాత చచ్చిపోయినా, పోయిన వారాల లోటు పూర్తిగా తీరదు. 114 రోజుల చూడి ముగిసి పిల్లలు బయటికి వచ్చేసరికి ఆ ఇరుకుతనమంతా తూకంలో తేలుతుంది.

దీనికి అంకెలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నటాలీ కినియూ బృందం సుమారు 12,000 పిల్లల తూకాలతో 2002లో ఒక పరిశీలన ప్రచురించింది. 11 లేదా అంతకంటే తక్కువ పిల్లలున్న ఈతల్లో సగటు పుట్టుక బరువు 1.59 కిలోలు, 16 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఈతల్లో 1.26 కిలోలు. అంటే ఈతకు ఒక పిల్ల పెరిగిన కొద్దీ సగటున 35 గ్రాములు తగ్గింది. ఇంతవరకు చదివి ఆగితే నష్టం పెద్దదిగా తోచదు. కానీ అదే పరిశీలనలో కిలోకు తక్కువ తూగిన పిల్లల వాటా 7 శాతం నుంచి 23 శాతానికి పెరిగింది. సగటు అయిదో వంతు తగ్గితే, ప్రమాదంలో ఉన్న పిల్లల వాటా మూడింతలు దాటింది. సగటు దాచిపెట్టేది సరిగ్గా దీన్నే. సగటు బరువు 1.26 కిలోలు ఉన్న ఈతలో పిల్లలన్నీ 1.26 చుట్టూనే ఉంటే ఎవరికీ పెద్ద దిగులు ఉండేది కాదు, కొన్ని 1.7, కొన్ని 0.8 కావడంతోనే చిక్కంతా వస్తుంది.

ఆ 800 గ్రాముల పిల్లకు మొదటి రోజు ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే చావుబతుకులు చాలావరకు అక్కడే తేలిపోతాయి. తల్లి కడుపులో 39 డిగ్రీల వేడిలో ఉన్న పిల్ల ఒక్కసారిగా గది గాలిలోకి, అదీ ఒళ్లంతా తడితో, వస్తుంది. అప్పుడే పుట్టిన పందికి దాదాపు 34 డిగ్రీల వేడి ఉంటేనే అదనపు శక్తి ఖర్చు లేకుండా ఒళ్లు వెచ్చగా ఉంటుంది. మనకు హాయిగా ఉండే 25 డిగ్రీల రాత్రి దానికి చలి రాత్రి. దాని ఒంట్లో కొవ్వు ఒకటి రెండు శాతమే. మానవ శిశువుకూ గొర్రెపిల్లకూ వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు ఉంటుంది. పందికి అదీ లేదు. ఆ కొవ్వు పనిచేయడానికి కావలసిన జన్యువు పంది పూర్వీకుల్లో దాదాపు రెండు కోట్ల ఏళ్ల కిందటే చెడిపోయిందని 2006లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి పిల్లకు ఉన్న ఆధారాలు మూడే: వణుకు, కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న కాస్త గ్లైకోజెన్, తల్లి పాలు. ఇక్కడే బరువు అడ్డం తిరుగుతుంది. ఆకారం ఒకటే అయితే 800 గ్రాముల పిల్లకు ప్రతి కిలో ఒంటికీ ఉండే చర్మ వైశాల్యం, 1.6 కిలోల పిల్లకు ఉండేదానికంటే దాదాపు పాతిక శాతం ఎక్కువ. వేడి పోయేది చర్మం నుంచే. పోగొట్టుకునేది ఎక్కువ, దాచుకున్నది తక్కువ. చల్లబడిన పిల్ల మందగిస్తుంది, మందగించిన పిల్ల చన్ను దగ్గరికి చేరలేదు, పాలు అందని పిల్ల ఇంకా చల్లబడుతుంది. చివరికి వెచ్చదనం కోసం తల్లి ఒంటిని ఆనుకుని పడుకుని, తల్లి ఒత్తిగిలినప్పుడు తప్పుకోలేక నలిగిపోతుంది. రిజిస్టరులో ‘తల్లి కింద పడి చావు’ అని రాస్తారు. అసలు కారణం చలి, ఆకలి, వాటి వెనక పుట్టుక బరువు.

ఇక జున్నుపాలు. పంది మాయ గుండా ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు. పిల్ల రోగనిరోధక శక్తి ఏమీ లేకుండా పుడుతుంది. పుట్టిన మొదటి రోజు తాగిన జున్నుపాల నుంచే దాన్ని సంపాదించుకోవాలి. రోజు, రోజున్నర గడిచాక పేగు గోడ ఆ పెద్ద అణువులను లోపలికి రానివ్వదు. మొదటి 24 గంటల్లో కనీసం 200 గ్రాముల జున్నుపాలు తాగిన పిల్లల్లో మరణాలు బాగా తగ్గుతాయని, ఆరోగ్యంగా పెరగడానికి 250 గ్రాములు కావాలని ఫ్రాన్స్, కెనడా పరిశోధకులు లెక్కకట్టారు. ఒక తల్లి ఇచ్చే జున్నుపాలు సగటున మూడున్నర కిలోల చుట్టూ ఉంటాయి. పాలిచ్చే శక్తిలో పందికీ పందికీ చాలా తేడా ఉంటుంది గానీ, పిల్లలు ఎక్కువ పుట్టినంత మాత్రాన జున్నుపాలు పెరగవు. ఇప్పుడు భాగహారం చేయండి. పది పిల్లలుంటే తలకు 350 గ్రాములు. అందులో ఎక్కువతక్కువలు వచ్చినా అందరికీ కనీసం దక్కుతుంది. 18 పిల్లలుంటే, సమానంగా పంచినా 194 గ్రాములే. సమానంగా ఎన్నడూ పంచుకోవు. ముందు పుట్టినవి, బలమైనవి మంచి చన్నులు పట్టుకుంటాయి. పంది పిల్లలు పుట్టుకతోనే ఎనిమిది సూదిలాంటి పళ్లతో వస్తాయి, వాటితో తోబుట్టువులను గీరి పక్కకు నెడతాయి. కొద్ది రోజుల్లో ఏ చన్ను ఎవరిదో ఖాయమైపోతుంది. ఆ తర్వాత తల్లి దాదాపు గంటకోసారి పాలిస్తుంది, పాలు చేపేది పదీ ఇరవై సెకన్లే. బంతిలో ఆకు దొరకనివాడికి వడ్డన ఎంత ఘనంగా జరిగినా ఏమి లాభం? ఆ పది సెకన్లలో నోట చన్ను లేని పిల్లది అదే స్థితి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని తప్పించుకోకూడదు. ‘మీరు చెప్పినదంతా తక్కువ బరువు గురించే. చిన్నపిల్ల చిన్నది కాబట్టి చస్తోంది. పక్కపిల్ల పెద్దదా చిన్నదా అన్నదానితో పనేముంది? తేడాను ప్రత్యేకంగా కొలవడం ఎందుకు?’ ఈ మాటకు బలమైన ఆధారమే ఉంది. 2019లో అమెరికా, యూరప్ ఫారాల నుంచి సేకరించిన 4,068 పిల్లల వివరాలు విశ్లేషించినప్పుడు 1.11 కిలోల దగ్గర ఒక గీత కనిపించింది. అంతకు మించని పిల్లలు మొత్తంలో 15 శాతమే, కానీ పాలు మాన్పించేలోపు చచ్చినవాటిలో 43 శాతం అవే. వాటిలో మూడింట ఒక వంతు బతకలేదు. అంటే బరువు దానంతట అదే ప్రమాదకారణం, సందేహం లేదు. అయితే కథ అంతటితో ముగియదు. ఒకే బరువున్న చిన్నపిల్లలను వేర్వేరు సహవాసంలో ఉంచి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తక్కువ బరువు పిల్లలను మరో తల్లి దగ్గరికి మార్చే పద్ధతిపై 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్దపిల్లల మధ్య ఉంచిన చిన్నవాటికంటే తమ సాటి చిన్నవాటితో ఉంచినవే బాగా బతికాయి. పిల్ల బరువు మారలేదు, పక్కవాళ్ల బరువు మారింది, ఫలితం మారింది. కెనడాలో మిల్లిగన్, ఫ్రేజర్, క్రేమర్ 2002లో ప్రచురించిన పరిశీలన కూడా ఈ వైపే చూపుతుంది: ఈత లోపలి బరువుల తేడా ఎక్కువైన కొద్దీ మరణాలూ, పాలు మాన్పించేనాటి బరువుల ఎగుడుదిగుళ్లూ ఎక్కువయ్యాయి. జున్నుపాలు పరిమితం, చన్నులు పరిమితం, పాలు చేపే సమయం పరిమితం. పరిమితమైనదాని కోసం పోటీ ఉన్నచోట పోటీదారు సొంత బలం ఎంతో, ఎదుటివారి బలం కూడా అంతే లెక్కలోకి వస్తుంది.

బరువొక్కటే సర్వస్వం కాదనడానికి చైనా మెయిషాన్ జాతి మరో సాక్ష్యం. ఫ్రాన్స్ 1979లో ఆ పందులను తెప్పించుకుని చాలాకాలం పరిశోధించింది. మెయిషాన్ పిల్లలు సీమ పంది పిల్లలకంటే తేలిక, చాలావరకు కిలో అటూ ఇటూ ఉంటాయి. మనం గీసిన గీతల ప్రకారం అవి చావాలి. అవి మాత్రం బాగా బతుకుతాయి, ఎందుకంటే ఈతలో అన్నీ దాదాపు ఒకే బరువుతో పుడతాయి, పుట్టేనాటికి వాటి అవయవాలు ముదిరి సిద్ధంగా ఉంటాయి. నెదర్లాండ్స్‌లో లేనౌవర్స్, నోల్ బృందం చేసిన పని ఈ విషయాన్ని ఇంకాస్త తేటపరిచింది. పిల్లలు బతికే గుణం జన్యుపరంగా ఎక్కువున్న వంశాల్లో పిండాలు పెద్దవిగా లేవు. వాటి కాలేయం, పేగులు ఒంటితో పోలిస్తే పెద్దవి, గ్లైకోజెన్ నిల్వ ఎక్కువ. దీనికి వ్యతిరేకంగా, గర్భంలో తిండి చాలక గిడసబారిన పిల్లను చూడగానే గుర్తుపట్టవచ్చు. నుదురు నిటారుగా ఎత్తుగా, కళ్లు ఉబ్బి, మూతి దగ్గర ముడతలు పడి ఉంటాయి. తక్కువ రక్తంలో పిండం ముందు మెదడును కాపాడుకుంటుంది, కాలేయాన్ని వదులుకుంటుంది. తల పెద్దది, నిల్వ ఖాళీ. అందుకే తూకం వేసేటప్పుడు పిల్ల ఆకారాన్ని కూడా చూడాలని, పొందికగా ఉన్న చిన్నపిల్లనూ గిడసబారిన చిన్నపిల్లనూ ఒకే గాటన కట్టవద్దని విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మొదటిదానికి వెచ్చదనం, జున్నుపాలు అందిస్తే నిలబడుతుంది. రెండోదానికి ఆ సాయం చాలాసార్లు సరిపోదు.

బతికిన చిన్నపిల్లలు తర్వాత పెరిగి అంతరం పూడ్చుకుంటాయన్న ఆశ చాలామంది రైతుల్లో ఉంది. కొంతవరకు పూడ్చుకుంటాయి కూడా. కానీ ఆ ఆశకు ఒడలే హద్దు గీస్తుంది. పంది కండరంలోని తంతువుల సంఖ్య చూడికాలం 90వ రోజుకల్లా స్థిరపడిపోతుంది. పుట్టాక ప్రతి తంతువూ లావెక్కుతుంది తప్ప కొత్తవి చెప్పుకోదగ్గంతగా పుట్టవు. గిడసబారిన పిల్లలకు ఆ తంతువులే తక్కువ. పెద్దయ్యాక అవి అదే బరువుకు చేరాలంటే ఉన్న తంతువులను మితిమీరి లావెక్కించాలి, లేదా ఆ బరువును కొవ్వుతో నింపాలి. కేంబ్రిడ్జ్‌లో ఎల్సీ విడోసన్ గిడసబారిన పంది పిల్లలను మూడేళ్ల వయసుదాకా కడుపునిండా మేపి చూశారు. అవి పెద్దగా పుట్టిన తోబుట్టువుల స్థాయికి రాలేదు. 1971లో ఆమె ప్రచురించిన ఆ పని నేటికీ నిలిచే ఉంది. రైతుకు దీని అర్థం ఖర్చు. ఒకే రోజు పుట్టిన గుంపు ఒకే రోజు అమ్మకానికి రాదు. ముందు ఎదిగినవి పోయాక మిగిలినవాటి కోసం కొట్టం, మేత, మనిషి కూలి అన్నీ కొనసాగాలి. కొట్టం ఖాళీ చేసి కడిగి ఆరబెట్టే అవకాశం వెనక్కిపోతుంది, రోగాలు ఒక గుంపు నుంచి మరో గుంపుకు పాకుతాయి.

ఇంకో అభ్యంతరం ఆర్థికమైనది. ‘18 పుట్టి నాలుగు చచ్చినా 14 మిగులుతాయి. పదే పుట్టి ఒకటి చస్తే తొమ్మిదే. లాభం ఎటువైపు?’ ఈ లెక్క వేసినవాళ్లను తప్పుపట్టలేను. కానీ ఈ లెక్కను అందరికంటే ముందు, అందరికంటే దూరం తీసుకెళ్లిన డెన్మార్క్ అనుభవం చూడండి. అక్కడ ఎంపికలో కేవలం పుట్టిన సంఖ్యకు విలువిచ్చే పద్ధతిని 2004లో మార్చారు. అయిదో రోజుకు బతికున్న పిల్లల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్నారు. 2013లో ప్రచురితమైన ఫలితాల్లో ఈత పరిమాణం పెరిగింది, మరణాల శాతం తగ్గింది. సంఖ్యకూ బతుకుకూ పొత్తు కుదురుతుందని దీనివల్ల తెలుస్తుంది. ఏది కొలిస్తే జాతి అటే నడుస్తుంది. అయినా అక్కడ ఇప్పుడు ఈతకు సగటున 18కి పైగా పిల్లలు పుడుతున్నాయి, తల్లికి ఉండే చన్నులు అంతకు తక్కువ. మిగిలిన పిల్లలకు పాలివ్వడానికి వేరే తల్లులను కేటాయించడం నిత్యకృత్యమైంది. ఆ తల్లులు ఈనే గదుల్లో అదనంగా వారాలు గడపాలి. ఆ భారాన్ని 14 మైనస్ 9 అనే లెక్కలో ఎవరూ వేయలేదు. చచ్చిన నాలుగింటి బాధను కూడా వేయలేదు. చలికీ ఆకలికీ రెండు రోజులు తల్లడిల్లి చావడం ఒక జీవికి జరిగినప్పుడు దాన్ని వృథా శాతంగా మాత్రమే రాసుకోవడం పశువైద్యుల ధర్మం కాదు.

ప్రకృతిలోనే ఇలా ఉందన్న వాదన కూడా వింటాం. పంది కావలసినదానికంటే కొన్ని పిల్లలను ఎక్కువగా, అసమానంగా కంటుందని, మేత బాగున్న ఏడు అన్నీ బతుకుతాయని, కరువు ఏడు చిన్నవి త్వరగా తప్పుకుని పెద్దవాటికి పాలు మిగులుస్తాయని డేవిడ్ ఫ్రేజర్ 1990లో చక్కగా వివరించారు. ఆ వివరణ నాకు ఒప్పుదలే. కానీ అడవి పంది ఈతకు అయిదారు పిల్లలే. ఆ ఏర్పాటు ఆ సంఖ్యకు తగినది. ఈత పరిమాణాన్ని మూడింతలు చేసింది మనిషి. ఆ తర్వాత వచ్చిన నష్టాన్ని ప్రకృతి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

నివారణ సంగతికి వస్తే, చూడి చివరి వారాల్లో తల్లికి మేత పెంచితే పిల్ల బరువు కొద్ది పదుల గ్రాములే పెరుగుతుంది. అప్పటికి మాయల పంపకం అయిపోయింది కాబట్టి తేడా తగ్గదు. కిందటి ఈతలో పాలిచ్చి బాగా చిక్కిన తల్లిని కోలుకోనివ్వకుండా దాటిస్తే అండాలే ఎగుడుదిగుడుగా ఎదుగుతాయి. కాబట్టి మేత మీద శ్రద్ధ పాలిచ్చే కాలంలోనూ, దాటించడానికి ముందూ ఎక్కువ ఫలిస్తుంది. ఈనే రోజున చేయగలిగినవి ఖరీదైన పనులు కావు. పిల్లను తుడిచి ఆరబెట్టడం, ఒక మూల బల్బు వెలిగించి వెచ్చటి చోటు ఇవ్వడం, ముందు పుట్టి కడుపునిండా తాగిన పెద్దపిల్లలను గంటసేపు బుట్టలో పెట్టి చిన్నవాటికి చన్ను ఖాళీ చేయించడం, తల్లి జున్నుపాలు తాగాక మొదటి రోజు ముగిసేలోపు అదే కొట్టంలో ఈనిన మరో తల్లి దగ్గరికి చిన్నవాటిని ఒక గుంపుగా మార్చడం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల అంటువ్యాధి 2020లో మన దేశంలో అడుగుపెట్టింది కనుక ఫారాల మధ్య పిల్లలను మార్చవద్దు. జన్యు మార్గం నిదానమైనది. ఈత లోపలి తేడాకు అనువంశికత పదో వంతుకు మించదని, అందుకే ఎంపిక పనిచేయదని కొందరు తోసిపుచ్చుతారు. ఫ్రాన్స్‌లో కుందేళ్ల మీద, మాడ్రిడ్‌లో ఎలుకల మీద చేసిన ఎంపిక ప్రయోగాలు ఆ నిరాశకు జవాబు. పుట్టుక బరువులు సమానంగా ఉండే వంశాలను వాళ్లు తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఆ వంశాల్లో పిల్లలు ఎక్కువగా బతికాయి.

ఇదంతా 18 పిల్లలు కనే డెన్మార్క్ గోల, మనకెందుకు అనుకోవచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90.6 లక్షలు, 2012 కంటే 12 శాతం తగ్గాయి. దాదాపు సగం ఈశాన్య రాష్ట్రాల్లోనే, చాలావరకు చిన్న రైతుల దగ్గర ఉన్నాయి. ఒకటి రెండు తల్లి పందులున్న ఇంట్లో ఒక ఈతలో మూడు పిల్లలు పోతే ఆ ఏడాది ఆదాయంలో పెద్ద భాగం పోయినట్టే. డెన్మార్క్ ఫారానికి అది అంకె, ఇక్కడ అది బడి ఫీజు. మరోవైపు మనం సంకర జాతుల వైపు నడుస్తున్నాం. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం సీమ పంది రక్తం 75 శాతం, నాటు రక్తం 25 శాతంతో టీ-17 రకాన్ని రూపొందించింది. గువాహటి దగ్గర రాణిలో జాతీయ పంది పరిశోధన కేంద్రం ఉంది. బెంగాల్ ఘుంగ్రూ ఎక్కువ పిల్లలు కనే నాటు జాతిగా పేరుపొందింది. అంటే మన దగ్గర ఈత పరిమాణం పెంచే పని జరుగుతోంది, ఇంకా జరుగుతుంది. ఇరుకుతనం రాకముందే కొలత మొదలుపెట్టే అవకాశం మనకు ఉంది. ఐరోపాకు ఆ అవకాశం తప్పిపోయింది.

అందుకు కావలసిందల్లా ఒక వేలాడే త్రాసు, రిజిస్టరులో రెండు గడులు. పుట్టిన రోజే ప్రతి పిల్లనూ విడివిడిగా తూచి రాయండి; అయిదో రోజు ఎన్ని బతికున్నాయో రాయండి. మగపందినీ తల్లి పందినీ ఎంచుకునేటప్పుడు, అమ్మకానికి పిల్లలనిచ్చేటప్పుడు, ప్రభుత్వ పథకాల కింద పందులను పంచేటప్పుడు పుట్టిన సంఖ్యను పక్కనపెట్టి ఆ రెండు గడులనే చూడండి. తిరుపతి, గువాహటి సంస్థలు తమ ఫారాల్లో ఈ పని వచ్చే ఈతల నుంచే మొదలుపెట్టాలని, ఆ తూకాలను ఏటా ప్రచురించాలని ఈ సభ నుంచి కోరుతున్నాను.